షెడ్డు కబుర్లు: ఏసీ రాగి పైపుతో బ్రేకు లైను వేయొచ్చా?

పోయిన నెల ఇంటి దగ్గర సొంతంగా కారు కట్టుకునేవాళ్ళ గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు చూస్తే చాలామంది ఒకే చోట ఆగి ఉన్నారు. చాసిస్ వెల్డింగ్ అయిపోయింది, ఇంజిన్ కూర్చుంది, స్టీరింగ్ తిరుగుతోంది, ఏ రంగు వేయాలో ఇంట్లో గొడవ కూడా అయిపోయింది, ఇంక మిగిలింది "పైపులే" అంటున్నారు. ఆ "పైపులే" అన్న మాట దగ్గరే నాకు భయం. బండి మొత్తంలో చవక సామాను అవే, ఓపిక అయిపోయాక ఆఖర్న చేసే పనీ అదే, తేడా వస్తే ముందు ప్రాణం మీదికి తెచ్చేవీ అవే. అందుకని ఈ నెల పేజీ మొత్తం బ్రేకు పైపులకీ పెట్రోలు పైపులకీ ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న (గాజువాక నుంచి): సార్, పాత మారుతి 800 ఇంజిన్, బ్రేకులు తీసుకుని సొంత చాసిస్ మీద రెండు సీట్ల బండి కడుతున్నాను. మా పక్క షాపులో ఏసీ మెకానిక్ తమ్ముడు ఉన్నాడు, అతని దగ్గర రాగి పైపు చుట్ట, ఫ్లేరింగ్ టూల్ రెండూ ఉన్నాయి. "అన్నా, గంటలో లాగేస్తాను, ఏసీ గ్యాసే ఆగుతుంది, నీ బ్రేకాయిల్ ఆగదా" అంటున్నాడు. వేయించేయమంటారా?

జవాబు: వద్దండి. ఆ తమ్ముడి చేతిపని మీద నాకేం అనుమానం లేదు, పైపు మీదే అనుమానం.

అతనన్నది సగం నిజమే. ఇప్పటి స్ప్లిట్ ఏసీల్లో గ్యాసు ప్రెషర్ 25, 30 బార్ల దాకా (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి) వెళ్తుంది, ఆ రాగి పైపు దాన్ని ఏళ్ళ తరబడి ఆపుతుంది. మరి బ్రేకులో ఎంత? పెద్ద లెక్కేం కాదు, వేసి చూద్దాం. మీరు మామూలుగా 30 కిలోల బలంతో పెడల్ తొక్కారనుకోండి. పెడల్ లీవర్ 5కి 1 అయితే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది) పిస్టన్ మీద 150 కిలోలు పడుతుంది. 19 మిల్లీమీటర్ల బోరుకి వైశాల్యం 2.8 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు, అంటే పైపులో సుమారు 52 బార్లు. ఎదురుగా ఆవు అడ్డం వచ్చి, గుండె గొంతులోకి వచ్చి, 50 కిలోల బలంతో తొక్కితే 86 బార్లు దాటుతుంది. తొక్కిన బలాన్ని పెంచే బూస్టర్ పెట్టుకుంటే ఇంకా పైకి పోతుంది. నిజం చెప్పాలంటే ఆ ప్రెషర్‌కి కూడా కొత్త రాగి పైపు అక్కడికక్కడే పగిలిపోదు. మొదటి రోజు బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మొదటి నెలా పనిచేస్తుంది, మీరు నమ్మడం మొదలుపెడతారు, అదే దానితో వచ్చిన చిక్కు.

కంచరి పని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? రాగి బిందె కొట్టేవాళ్ళు కాసేపు సుత్తితో కొట్టి, దాన్ని మళ్ళీ కొలిమిలో పెట్టి ఎర్రగా కాల్చి, చల్లార్చి, అప్పుడు మళ్ళీ కొడతారు. రాగికి దెబ్బ పడేకొద్దీ గట్టిపడి పెళుసెక్కిపోతుంది, మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే బిందె మెడ దగ్గర చీలుతుంది. మీ బండిలో ఇంజిన్ అదురు, గతుకులు, తొక్కిన ప్రతిసారీ పైపు కొంచెం ఉబ్బి మళ్ళీ తగ్గడం, ఇవన్నీ ఆ సుత్తి దెబ్బలే, కాకపోతే మధ్యలో కాల్చి మెత్తబరిచేవాడు ఎవడూ లేడు. ఒకరోజు నట్టు వెనకాల, కంటికి కనపడని చోట, వెంట్రుకంత పగులు వస్తుంది. ఉత్త రాగి పైపుని బ్రేకులకి వాడకూడదనేది ఇందుకే.

రెండోది ఆ ఫ్లేరింగ్ టూల్. ఏసీవాళ్ళు వేసేది సింగిల్ ఫ్లేర్, పైపు మూతిని ఒంటి పొరగా గరాటులా విప్పుతారు. బ్రేకు పైపుకి డబుల్ ఫ్లేర్ కావాలి. మూతిని ముందు లోపలికి మడిచి, ఆ మడతతో సహా గరాటు చేస్తారు, చీర అంచు మడిచి కుట్టినట్టు రెండు పొరలు వస్తాయి. స్టీలు పైపుకి ఒంటి పొర వేస్తే అంచు చీలుతుంది, చీలిన చోట ఎంత బిగించినా చెమ్మ ఆగదు. ఇవన్నీ పక్కన పెట్టినా మామూలుగా కనిపించే ఏసీ సన్న పైపు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు, చిన్న కార్ల బ్రేకు పైపు 4.75. మీ మారుతి నట్టులో అది దూరనే దూరదు.

మరి ఏం వాడాలి? రెండే దారులు. ఒకటి, బ్రేకులకని చేసిన పూత వేసిన స్టీలు పైపు. చవకగా దొరుకుతుంది, కంపెనీ బండ్లలో ఉండేది ఎక్కువగా అదే, కానీ మన విశాఖ గాలి సంగతి మీకు తెలుసు, బీచ్ రోడ్డు పక్క ఇళ్ళల్లో కిటికీ ఊచలే ఆగవు, ఇంక బండి కింద క్లిప్పుల్లో ఉప్పు బురద పట్టిన స్టీలు పైపు ఎన్నాళ్ళుంటుంది? పూత గీసుకుపోయిన చోట తుప్పు మొదలవుతుంది. రెండోది క్యూప్రో నికెల్ పైపు, రాగిలో సుమారు 10 శాతం నికెల్ కలిపిన లోహం, ఇంచుమించు రాగిలాగే చేత్తో వంగుతుంది కానీ రాగిలా అలసిపోదు, తుప్పు పట్టదు. మీ ఇంటి దగ్గర షిప్‌యార్డులోనో డాక్‌యార్డులోనో పైపు ఫిట్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఎవరైనా ఉంటే "90-10" అనండి, వెంటనే అర్థమైపోతుంది, ఓడల్లో సముద్రపు నీళ్ళు తిరిగే పైపులకి వాడేది ఆ జాతే. వోల్వోవాళ్ళు 1970లలోనే కార్ల బ్రేకులకి దీన్ని పెట్టడం మొదలుపెట్టారు. అలాగని స్క్రాప్ షాపులో దొరికిన ఓడ పైపు ముక్క తెచ్చి వేసేయకండి, బ్రేకు కొలతలో, బ్రేకు కోసమని అమ్మే చుట్టే కొనండి. స్టీలు కన్నా బాగా ఖరీదే, అయినా మన ఊళ్ళో నేను దానికే ఓటేస్తాను.

ఫ్లేర్ రకం విషయంలో చాలామంది బోల్తా పడతారు. మాస్టర్ సిలిండర్ రంధ్రంలోకి టార్చి కొట్టి చూడండి. అడుగున మీ వైపు పొడుచుకొచ్చిన చిన్న శంకువు కనిపిస్తే డబుల్ ఫ్లేర్ వేయాలి. అడుగు గుంటగా, గరాటులా లోపలికి ఉంటే దానికి బబుల్ ఫ్లేర్, పైపు మూతి చిన్న ఉల్లిపాయలా ఉబ్బి ఉంటుంది. మర ఒకటే అయి నట్టు హాయిగా ఎక్కేస్తుంది కాబట్టి సరిపోయిందనుకుంటారు, కానీ ఒకదాని సీటులో ఇంకోదాన్ని బిగిస్తే లోహం లోహానికి పూర్తిగా ఆనదు. రెండు మూడు బండ్ల సామాను కలిపి కట్టేటప్పుడు ముందు క్యాలిపర్లు (డిస్కుని నొక్కి పట్టేవి), వెనక సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, ప్రతి రంధ్రాన్నీ విడివిడిగా చూసి కాగితం మీద రాసుకోండి.

కోయడం పైపు కట్టర్‌తోనే, హ్యాక్‌సా బ్లేడుతో కాదు, దాని రజను లోపల ఉండిపోతుంది. కోశాక లోపలి అంచు, బయటి అంచు గీకి నున్నగా చేసి, ముక్కలో గాలి ఊది, అప్పుడు ఫ్లేర్ వేయండి. ఈ పనిలో నేను నేర్చుకున్న అతి పెద్ద పాఠం మాత్రం నట్టు గురించి. మొదటిసారి వెనక చక్రం దాకా పొడుగాటి లైను, మూడు వంపులు తిప్పి, రెండు మూతులూ అద్దంలా ఫ్లేర్ వేసి గర్వంగా లేచి నిలబడ్డాను. షెడ్డు గుమ్మంలో బీడీ కాలుస్తూ కూర్చున్న ముసలి మెకానిక్ మామ ఒకాయన పైపు కేసి, బల్ల మీద మిగిలిన నట్టు కేసి చూసి, "ఏటి బాబూ, పైపు సక్కగానే ఉంది గానీ, నట్టు బైటుండిపోనాది కదా" అన్నాడు. మూతి విప్పాక నట్టు ఎక్కదు కదా, ఒక మూతి కోసేసి మళ్ళీ వేస్తే పైపు పొట్టిదైపోయింది. అప్పట్నుంచి రెండు నట్లూ ఎక్కించి, పైపు మధ్యలో బట్టల క్లిప్పులు పెట్టి, అప్పుడు టూల్ ముట్టుకుంటున్నాను.

బిగించడానికి మామూలు డబుల్ ఎండ్ స్పానర్ వద్దు, మూలలు అరిగిపోతాయి. పైపు దూరడానికి చీలిక ఉన్న ఫ్లేర్ నట్ స్పానర్ 10 సైజుది ఒకటి కొనిపెట్టుకోండి. మీ ఏసీ తమ్ముణ్ణి మాత్రం వదులుకోకండి. పైపు నొక్కుకుపోకుండా వంచే చెయ్యి అతనికి మీకన్నా బాగా తిరిగి ఉంటుంది, కట్టర్ కూడా ఉంటుంది, పైపు మీరు కొని వంపులు అతని చేత తిప్పించండి.

ప్రశ్న (ఇంజినీరింగ్ విద్యార్థి, ఆనందపురం దగ్గర కాలేజీ నుంచి): అంకుల్, మేము బాజా పోటీకి (కాలేజీ పిల్లలు సొంతంగా బండి కట్టి నడిపే పోటీ) బండి కడుతున్నాం. బ్రేకు జాయింట్ల దగ్గర చెమ్మ వస్తోంది. టెఫ్లాన్ టేప్ చుడితే ఆగుతుందని సీనియర్లు చెప్పారు, చుట్టాం, కొంచెం తగ్గింది. సరిపోతుందా?

జవాబు: సరిపోదు, ఇవాళే విప్పేయండి. కుళాయికి మర దగ్గర సీలు పడాలి కాబట్టి టేపు చుడతారు. బ్రేకు జాయింటులో మర పని ఫ్లేర్‌ని సీటుకి అదిమి పట్టుకోవడమే, సీలు పడేది ఫ్లేర్ మూతి దగ్గర. టేపు చుడితే నట్టు పూర్తిగా దిగకుండానే బిగిసినట్టు చేతికి తెలుస్తుంది, పైగా తెగిన టేపు పోగులు ఆయిల్లో కలిసి మాస్టర్ సిలిండర్ సన్న రంధ్రంలో అడ్డం పడతాయి, అప్పుడు బ్రేకు పట్టేసి వదలదు. ఎం-సీల్, సిలికాన్, ఇలాంటివేవీ కూడా వద్దు. జాయింట్ కారుతోందంటే ఫ్లేర్ వంకరగా వచ్చిందో, చీలిందో, తప్పు రకం వేశారో, మూడిట్లో ఒకటి. విప్పి భూతద్దం పెట్టి చూడండి. బ్యాంజో బోల్టు (నడుమ చిల్లులోంచి ఆయిల్ పోయే బోల్టు) దగ్గర కారుతుంటే పాత రాగి వాషర్లు రెండూ తీసి కొత్తవి వేయండి, పెద్ద ఖర్చు కూడా ఏం ఉండదు. నీటి పైపుల్లా ఒత్తి పట్టే కంప్రెషన్ ఫిట్టింగులు బ్రేకు లైనులో ఎక్కడా, ఒక్కటి కూడా ఉండకూడదు.

ప్రశ్న (భీమిలి నుంచి): మాస్టారూ, మూడు ఆదివారాలుగా బ్రేకుల్లో ఎయిర్ తీస్తున్నాం. మా బావమరిది తొక్కుతాడు, నేను నిపుల్ విప్పుతాను. రెండు లీటర్ల ఆయిల్ అయిపోయింది, పెడల్ మాత్రం ఇడ్లీ మీద కాలేసినట్టే ఉంది. ఇద్దరికీ మాటలు కూడా తగ్గిపోయాయి. కొత్త మాస్టర్ సిలిండర్ కొనమంటారా?

జవాబు: ముందు బావమరిదికి టీ ఇప్పించండి, తప్పు ఆయనది కాదనుకుంటున్నాను. మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమ క్యాలిపర్ కుడి వైపు, కుడిది ఎడమ వైపు ఉన్నాయి. చాసిస్ సొంతం కాబట్టి బ్రాకెట్‌కి ఎటైనా ఎక్కేశాయి, కానీ అలా మార్చినందువల్ల ఎయిర్ తీసే నిపుల్ కిందికి వెళ్ళిపోయింది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కదా, క్యాలిపర్ నడి నెత్తిన కూర్చుని ఉంటుంది, మీరు కింద నుంచి రెండు కాదు, ఇరవై లీటర్లు తోడినా అది కదలదు. రెండూ విప్పి అటుదిటు చేయండి. పైపులు మళ్ళీ వంచాల్సి రావచ్చు, తప్పదు.

మార్చాక పద్ధతిగా చేయండి. చేపల తొట్టికి వాడే పారదర్శకం పైపు ముక్క నిపుల్‌కి తొడిగి, రెండో కొస సీసాలో కాస్త ఆయిల్లో మునిగేలా పెట్టండి. పైన ఉన్నాయన మెల్లిగా తొక్కి "పట్టాను" అనాలి, కిందాయన పావు తిప్పు విప్పి బుడగలు పోయాక బిగించి "వదులు" అనాలి, బిగించక ముందే పైన కాలు తీస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలెట్టడం మామూలు పద్ధతి, కానీ ఒక ముందు చక్రం, దానికి మూలగా ఉన్న వెనక చక్రం ఒక లైనులో ఉండే బండ్లకి వరస వేరేగా ఉండొచ్చు, మాస్టర్ సిలిండర్ ఏ బండిదో ఆ బండి మాన్యువల్‌లో చూడండి. పెడల్ పంపు చేస్తున్నంతసేపూ డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా ఒక కన్ను అక్కడుంచండి.

మీ పెడల్ నేల కింద బిగించినది, మాస్టర్ సిలిండర్ క్యాలిపర్ల కన్నా కిందుంది, అది కూడా గమనించాను. బండి నిలబడి ఉన్నప్పుడు ఆయిల్ వెనక్కి జారిపోయి, మొదటి తొక్కుకి పెడల్ కిందికి పోతుంది. దానికి లైనులో కాస్త ప్రెషర్ నిలిపి ఉంచే రెసిడ్యువల్ ప్రెషర్ వాల్వ్ పెడతారు, డిస్కులకి 2 పీఎస్ఐది, డ్రమ్ములకి 10 పీఎస్ఐది (ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ). ఒకదాని చోట ఇంకోటి పెడితే డిస్కు ఎప్పుడూ పట్టేసి కాలిపోతుంది, పెట్టేముందు ఏ చక్రానికి ఏదో రాసుకోండి.

ఇంకోమాట, సీసాలోకి తీసిన ఆయిల్ మళ్ళీ పోయకండి. మూత తీసి ఉంచిన బ్రేకాయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది, మన ఊళ్ళో ఆ తేమకి కరువు లేదు. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది, దిగుడులో వరసగా బ్రేకు తొక్కితే అంత వేడి రావడం పెద్ద విషయం కాదు. చేతికి అంటిన ఆయిల్‌తో కొత్త పెయింటు ముట్టుకోకండి, తోలు ఊడినట్టు ఊడొస్తుంది.

ప్రశ్న (పద్మనాభం దగ్గర జీడితోట నుంచి): తోటలో తిప్పుకోవడానికి కార్బొరేటర్ ఇంజిన్‌తో బండి కట్టాను. సరిగ్గా ఇరవై నిమిషాలు నడుస్తుంది, తర్వాత పెట్రోల్ అందనట్టు దగ్గి ఆగిపోతుంది. కాసేపు ఆగి కొడితే మళ్ళీ స్టార్టవుతుంది. పంపు మార్చాను, ఫిల్టర్ మార్చాను, కార్బొరేటర్ రెండుసార్లు కడిగించాను.

జవాబు: ఈసారి ఆగినప్పుడు ఇంజిన్ దగ్గరికి వెళ్ళకండి, వెనక్కి వెళ్ళి ట్యాంకు మూత మెల్లిగా తిప్పి చెవి పెట్టండి. "ఉస్స్..." మని గాలి లోపలికి పీల్చుకుంటే దోషి దొరికినట్టే. ట్యాంకులో పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, దానికి వెంట్ పైపు ఉండాలి, మీరు గాలి పోని మూత పెట్టి వెంట్ మర్చిపోయి ఉంటారు. డబ్బా నూనె పోసేటప్పుడు రెండో వైపు చిల్లు పెట్టకపోతే ధార ఆగిపోవడం లాంటిదే. ట్యాంకు నెత్తి నుంచి సన్న గొట్టం తీసి, ట్యాంకు కన్నా పైకి ఒక చుట్టు తిప్పి, కొస బయట కిందికి వదలండి. బండి పల్టీ కొడితే పెట్రోల్ కారకుండా రోలోవర్ వాల్వ్ ఒకటి అందులో పెట్టండి. కొస మాత్రం సైలెన్సర్ వైపు ఉండకూడదు.

మూత తీసినా ఏ చప్పుడూ రాకపోతే, ఎండవేళే ఆగుతూ సాయంత్రం బాగా నడుస్తుంటే, అప్పుడు వేపర్ లాక్. పెట్రోల్లో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడతాయి, పైపు ఎగ్జాస్ట్ పక్కన పోతుంటే లోపల బుడగలే తిరుగుతాయి. ఎలక్ట్రిక్ పంపు ఇంజిన్ దగ్గర పెట్టారా? చాలామంది అక్కడే పెడతారు, వైరు దగ్గరని. ఈ పంపులు నెట్టినంత బాగా పీల్చవు, పీల్చే వైపు ప్రెషర్ తగ్గి పెట్రోల్ ఇంకా తొందరగా మరుగుతుంది. ట్యాంకు పక్కన, ట్యాంకు అడుగుకి సమంగానో ఇంకా కిందో బిగించండి, పంపు ముందు జల్లెడ ఫిల్టర్, పంపు తర్వాత సన్న ఫిల్టర్. కార్బొరేటర్ నుంచి ట్యాంకుకి రిటర్న్ పైపు వేస్తే చల్లటి పెట్రోల్ తిరుగుతూ ఉంటుంది, చాలావరకు గొడవ వదులుతుంది.

ప్రశ్న (మల్కాపురం నుంచి): రిఫైనరీ పక్కన ఉంటాం కాబట్టి వాసనలు మాకు అలవాటే, మొదట్లో అదే అనుకున్నాం. కానీ షెడ్డు తలుపు తీస్తే పెట్రోల్ వాసన గుప్పుమంటోంది. ఎక్కడా చుక్క కారడం లేదు. పెట్రోల్ హోస్ (రబ్బరు గొట్టం) కొత్తదే, మీటర్ లెక్కన కొన్నాను. ఇంజిన్ ఫ్యూయల్ ఇంజెక్షన్‌ది.

జవాబు: చుక్క కారకుండా వాసన వస్తోందంటే రబ్బరు గోడలోంచే పెట్రోల్ చెమర్చుతోందన్నమాట. హోస్ మీద అక్షరాలు చదవండి. ఏమీ రాసిలేకపోతే అది నీళ్ళకో గాలికో చేసిన గొట్టం, తీసి పారేయండి. ఎస్ఏఈ జె30 ఆర్7 అని ఉంటే అది కార్బొరేటర్ బండ్లది, 50 పీఎస్ఐ దాకా. మీ ఇంజెక్షన్ లైనులో 3 బార్ల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 43, 44 పీఎస్ఐ, ఆర్7కి దాదాపు మెడ దాకా వచ్చేసినట్టు. మీకు కావలసింది ఆర్9, లోపల ఫ్లోరిన్ రబ్బరు పొర ఉంటుంది, 100 పీఎస్ఐది, వాసన కూడా బాగా ఆపుతుంది. పైగా 2023 ఫిబ్రవరి నుంచి బంకుల్లోకి ఈ20 వచ్చింది, ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్‌కి పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కొన్నాళ్ళకి పగుళ్ళిస్తుంది. షెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉన్న గొట్టం "కొత్తదే కదా" అని వేయకండి. ట్యాంకు లోపల పెట్రోల్లో మునిగి ఉండే ముక్కకి ఆర్9 కూడా పనికిరాదు, దానికి ఆర్10 అని వేరే ఉంది, బయట కూడా పెట్రోల్ తగులుతుంది కాబట్టి.

అసలు నా సలహా ఏమిటంటే, హోస్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. చాసిస్ పొడుగునా గట్టి పైపు, స్టీలుది, వేసుకుని రెండు కొసల్లో, ఇంజిన్ ఊగే చోట మాత్రం జానెడు హోస్ పెట్టండి. ఇక్కడ కూడా ఉత్త రాగి వద్దు, రాగి తగిలిన పెట్రోల్ తొందరగా పాడై జిగురు కడుతుంది. పైపు మూతికి చిన్న గట్టు తేల్చకుండా నున్నటి పైపు మీద హోస్ తొడిగితే క్లిప్పు ఎంత బిగించినా ఒకరోజు జారి వచ్చేస్తుంది. క్లిప్పు కూడా పళ్ళు కోసిన మామూలుది కాకుండా, అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లిప్పు తీసుకోండి, మామూలుది రబ్బరుని కోసేస్తుంది. పంపుకి రిలే పెట్టి, గుద్దుకుంటే కరెంటు ఆపే ఇనర్షియా స్విచ్ కలపండి, లేకపోతే బండి పల్టీ కొట్టి పడి ఉన్నా పంపు పాపం దాని పని అది చేసుకుపోతుంది.

ఇది సరిచేసేదాకా షెడ్డులో లైటు స్విచ్ కూడా వేయకండి. తలుపులు తీసి ఉంచండి.

ప్రశ్న (పెందుర్తి నుంచి): పాత ట్యాంకుకి రిటర్న్ పైపు నిపుల్ వెల్డ్ చేయించాలి. పెట్రోల్ మొత్తం తీసేసి రెండు రోజులు ఎండలో పెట్టాను. వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళొచ్చా?

జవాబు: వద్దు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, మూలల్లో, అతుకుల్లో మిగిలిన పెట్రోల్ ఆవిరి గాలితో కలిసి బాంబులా పేలుతుంది, రెండు రోజుల ఎండకి అది పోదు. బోల్టులతో బిగించే ఫిట్టింగ్, పెట్రోల్‌కి ఆగే వాషర్లతో వేసుకోండి, లేకపోతే రిటర్న్ ఉన్న బండి ట్యాంకే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి.

ప్రశ్న (మర్రిపాలెం నుంచి): ఇవన్నీ చేశాక బండి ఆర్టీవోలో రిజిస్టర్ అవుతుందా?

జవాబు: ఇంట్లో కట్టిన బండికి టైప్ అప్రూవల్ (బండి మోడల్‌ని పరీక్షించి ఇచ్చే అనుమతి) ఉండదు, అది లేకుండా కొత్త బండిగా రిజిస్టర్ చేయరు. పాత బండి ఆర్సీ పెట్టుకుని కింద చాసిస్ మార్చేద్దామనుకుంటే బండి రూపు మార్చడం గురించిన 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. సొంత తోట, ప్రైవేటు స్థలం, కాలేజీ పోటీ ట్రాకు, అంతవరకే. రోడ్డెక్కదు కదా అని బ్రేకుల దగ్గర తగ్గించే పనైతే నాకు ఉత్తరం రాయకండి.

ప్రశ్న (మధురవాడ నుంచి): పైపులన్నీ వేసేశాను, ఎయిర్ తీసేశాను, పెడల్ గట్టిగా ఉంది. ఆదివారం మొదటిసారి బయటికి తీద్దామనుకుంటున్నాం. ఇంకేమైనా చూసుకోవాలా? కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ టెన్షన్ మంచిదే. శనివారం ఖాళీ పెట్టుకోండి.

ముందు పైపులు ఎటు పోతున్నాయో కింద పడుకుని, కొస నుంచి కొస దాకా చేత్తో తడుముతూ రండి. చెయ్యి పట్టుకుని ఊపితే ఎక్కడైనా కదిలితే అక్కడ ఇంకో క్లిప్పు. నేను అడుగుకి ఒకటి వేస్తాను, లోపల రబ్బరు ఉన్నవే. ఎందుకంటారా? చాలా ఏళ్ళ కిందట నా పాత వ్యానుకి ఒక షెడ్డులో వెనక బ్రేకు పైపు మార్పించాను, వాళ్ళు రబ్బరు లేని రేకు క్లిప్పు వేసి ఊరుకున్నారు, నేనూ చూడలేదు. ఏడాది తిరక్కుండానే సింహాచలం కొండ దిగుతుంటే పెడల్ సగానికి దిగిపోయింది. డబుల్ సర్క్యూట్, అంటే ముందుకీ వెనక్కీ వేరువేరు లైన్లు కాబట్టి ముందు బ్రేకులు మిగిలి, రెండో గేరుకి వేసి, చెమటలు కక్కుకుంటూ కిందికి దించాను. తర్వాత చూస్తే క్లిప్పు అంచు పైపుని ఆకురాయి పట్టినట్టు ఒక పక్క మెరిసేదాకా అరగదీసి, సూది మొనంత చిల్లు పెట్టింది. అందుకే సొంత బండికి రెండు భాగాల మాస్టర్ సిలిండర్ తప్ప ఒంటిది పెట్టకండి, హ్యాండ్ బ్రేకు కూడా విడిగా కేబుల్‌తోనే ఉండాలి.

తర్వాత ముందు చక్రాలు జాకీ మీద లేపి, కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పండి. రబ్బరు హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, మెలిక పడకూడదు, టైరుకి తగలకూడదు. అదే పని జాకీ దించి బండి బరువు మీద మళ్ళీ చేయండి. చాలామంది ఒక్కసారే చూస్తారు, వేలాడేటప్పుడు చాలని హోస్ మొదటి గోతిలోనే తెలుస్తుంది. పెట్రోల్ పైపు, బ్రేకు పైపు రెండూ ఎగ్జాస్ట్‌కి కనీసం జానెడు దూరం ఉండాలి, కుదరని చోట మధ్యలో రేకు అడ్డం పెట్టండి. పెట్రోల్ పైపుని కరెంటు వైర్లతో కలిపి ఒకే కట్టగా కట్టి ఉంటే ఇప్పుడే విడదీయండి.

చివరిగా, ప్రతి జాయింటుని పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, కింద పాత న్యూస్‌పేపర్ పరిచి, బలంగా ఉన్నవాణ్ణి ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, బూస్టర్ ఉంటే ఇంజిన్ ఆన్‌లో పెట్టి, పెడల్ అదిమి అయిదు నిమిషాలు పట్టుకోమనండి. మెల్లిగా అయినా కాలు కిందికి దిగుతోందంటే ఎక్కడో పోతోంది. తర్వాత ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, పెట్రోల్ పంపు మాత్రం తిప్పి లైను నిండాక ఆ జాయింట్లు కూడా చూడండి, ఇది ఆరుబయట, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని. పేపరు అలాగే ఉంచి పడుకోండి. పొద్దున్న లేచాక పేపరు మీద చిన్న నూనె మచ్చ కనిపించినా ఆదివారం ప్రయాణం వచ్చే ఆదివారానికి మార్చుకోండి, ఆ మచ్చకి సరిగ్గా పైనున్న నట్టు విప్పండి.